ఇంద్రసీసపు గిన్నె

మిట్టమధ్యాహ్నపు ఎండ తగలగానే మయూరగిరి దుర్గం పురి విప్పిన నెమలిలా ధగధగలాడింది. ప్రాకారాల మీద, బురుజుల మీద, సింహద్వారపు తోరణం మీద ఎక్కడ చూసినా రంగులే. ఒక అడుగు ముందుకు వేసి చూస్తే గులాబీ వన్నె, మరో అడుగు వేస్తే పసిడి వన్నె, తల కాస్త వంచితే అదే గోడ నెమలికంఠపు నీలం. కోటకూ ఇవతలి గట్టుకూ నడుమ పాతాళం దాకా చీలినట్టున్న లోయ. దాని అడుగున ఘర్ఘరానది బండలను మోదుకుంటూ హోరెత్తుతోంది. లోయ మీద వేలాడే తాళ్ళ వంతెన తప్ప కోటకు రాచబాట మరొకటి లేదు.

వంతెన మొదట్లో ముగ్గురు మూలికల వర్తకులు ఆగారు. ముగ్గురి భుజాల మీదా వేళ్ళ మూటలు ఉన్నాయి గాని, వాళ్ళలో ఒక్కరూ ఏనాడూ మూలికలు అమ్మి ఎరుగరు.

ముందు నిలబడ్డ యువకుడు హంసావతీ రాజ్యపు యువరాజు వసంతమల్లుడు. అతని వెనక ఉన్న భారీ మనిషి, నెరిసిన మీసాలవాడు, రాజుగారి భోజనశాలకు అధిపతి భద్రముఖుడు. మహారాజు నోటికి అందే ప్రతి ముద్దా ప్రతి గుక్కా ఆయన చేతుల మీదుగా పోవలసిందే. వసంతమల్లుణ్ణి భుజాన ఎక్కించుకుని పెంచినవాడు కూడా ఆయనే. అందుకే యువరాజు ఆయనను చిన్నప్పటి నుంచీ ‘మామా’ అనే పిలుస్తాడు. మూడో మనిషి శతపత్ర. దారి చూపడానికి కొండ కింది పల్లెలో కుదిరిన యువతి. చూపు చురుకు, మాట పొదుపు.

వాళ్ళు వచ్చింది ఈ దుర్గంలో దాక్కున్నాడని విన్న పింగళాక్షుడి కోసం.

పింగళాక్షుడు హంసావతి ఆస్థాన వైద్యుడు. మంత్రగాడని కూడా ప్రతీతి. ధవళమల్ల మహారాజు వేట నుంచి తిరిగొచ్చిన కొన్నాళ్ళకు కడుపు నొప్పితో మంచం పట్టినప్పుడు అతడు ఇంద్రసీస భస్మం అనే తెల్లని పొడి ఇవ్వడం మొదలుపెట్టాడు. ఇంద్రసీసం మయూరగిరి గనుల్లో దొరికే లోహం. ఈ కాలంలో మనం బిస్మత్ అంటున్నది అదే. పొడి మొదలుపెట్టిన కొన్నాళ్ళకు మహారాజు నాలుక కాటుక పూసినట్టు నల్లబడింది. విషం, విషం అని అంతఃపురమంతా గగ్గోలెత్తింది. ఆ సాయంత్రమే పింగళాక్షుడు మాయమయ్యాడు. వసంతమల్లుడు పొడి మాన్పించాడు. రాజ్యంలో ఎవ్వరూ ఆ భస్మం అమ్మరాదని చాటింపు వేయించాడు. అయినా తండ్రికి నొప్పి తగ్గలేదు, పెరిగింది. అప్పుడు వసంతమల్లుడు, తండ్రి నిత్యం చింతపండు పానకం తాగే జత గిన్నెల్లో ఒకదాన్ని తీసి నడుముకు కట్టుకుని శపథం పట్టాడు.

“ఆ మంత్రగాడి పొడిని ఈ గిన్నెలోనే కలిపి వాడి చేతనే తాగిస్తాను!”

ఆ గిన్నెల జత తాతల కాలంలో మయూరగిరి నుంచి కానుకగా వచ్చినది. రెండోది ఇంకా మహారాజు పడక పక్కనే ఉంది.

వంతెన మీద కాలు మోపుతుండగా భద్రముఖుడు యువరాజు చెవి దగ్గరకు వంగాడు.

“బాబూ, ఆ పిల్ల ఎవరో ఇప్పుడు తెలిసింది. ఇంద్రసీసం కరిగించే కొలిమివాళ్ళ పెద్ద కూతురట. నీ చాటింపుతో వాళ్ళ కొలిములన్నీ ఆరిపోయాయి. కడుపు మండినవాళ్ళు దారి చూపుతారా, గొయ్యి చూపుతారా?”

వసంతమల్లుడి చెయ్యి మూటలో దాచిన కత్తి పిడి మీదకు పోయింది. వంతెన దాటేంతవరకూ ఆమె కాళ్ళ వైపే చూస్తూ నడిచాడు.

అవతలి ఒడ్డున శతపత్ర ఆగి, భద్రముఖుడు వినకుండా మెల్లగా అంది. “యువరాజా, మీరెవరో నాకు మొదటి రోజే తెలుసు. మూలికలవాడు నేలను చూస్తూ నడుస్తాడు. మీరు మనుషుల్ని చూస్తూ నడుస్తున్నారు.”

“తెలిసి ఎందుకు దాచావు?”

“మీరు దాచారు కనుక.” ఆమె చూపు భద్రముఖుడి వైపు మళ్ళింది. “ఆయన ఎప్పుడూ మన వెనకే నడుస్తున్నారు, గమనించారా?”

“ఆయన నన్ను ఎత్తుకు పెంచిన మనిషి. నోరు జాగ్రత్త!” అన్నాడు వసంతమల్లుడు.

దుర్గం లోపల మనిషి అలికిడి లేదు. కాని రాజవీధి ధూళిలో పాదరక్షల గుర్తులు తాజాగా ఉన్నాయి. అవి కోట వెనక కొండను తొలిచిన ఒక సొరంగం వైపు సాగాయి. భద్రముఖుడు కాగడా వెలిగించాడు. సొరంగం నోటి దగ్గర శతపత్ర కాళ్ళ ఇనప కడియాలు తీసి బండ మీద పెట్టింది.

“ఇక్కణ్ణుంచి రెండు గోడలూ సూదంటురాళ్ళే. ఇనుము ఏమున్నా ఇక్కడే వదిలేయండి.”

“అంటే కత్తులు వదిలేసి నీ వెంట చీకట్లోకి రావాలా?” యువరాజు నవ్వాడు గాని ఆ నవ్వులో వెచ్చదనం లేదు. “నడువు.”

సొరంగంలో కొంత దూరం పోయారో లేదో, ఏదో కనపడని చెయ్యి పట్టి లాగినట్టు అతని మూట పక్కకు తూలింది. గుడ్డ పర్రున చిరిగింది. కత్తి గాలిలోకి ఎగిరి ఖంగున గోడకు అతుక్కుపోయింది. వసంతమల్లుడు రెండు కాళ్ళూ గోడకు తన్నిపెట్టి లాగినా వెంట్రుకవాసి కదలలేదు. మరుక్షణమే భద్రముఖుడి ఖడ్గమూ ఎదుటి గోడకు తగులుకుంది. ఆ గోడల నిండా ఎప్పటివో తుప్పు పట్టిన బాకులు, ఈటె మొనలు, ఒక శిరస్త్రాణం. వాటిని మోసుకొచ్చినవాళ్ళు ఏమయ్యారో చెప్పేవాళ్ళు లేరు.

శతపత్ర మెడలో దారానికి వేలాడే బిళ్ళ ఒక్కటే వింతగా ప్రవర్తిస్తోంది. ఆమె గోడ దగ్గరగా నడిచినప్పుడల్లా అది గోడకు దూరంగా మెల్లగా ఒరుగుతోంది.

“అదేమిటి?” అన్నాడు యువరాజు అనుమానంగా.

“ఇంద్రసీసం. ఇనుము సూదంటురాయిని చూస్తే పరుగెత్తుతుంది. బంగారం, వెండి పట్టించుకోనట్టే ఉంటాయి. ఇది మాత్రం మొహం తిప్పుకుంటుంది. మా వాళ్ళు అసలు సరుకుని పోల్చుకునే పద్ధతుల్లో ఇదొకటి.”

సొరంగం చివర ఇనప కట్టు లేని చేవకలప తలుపు. దానికి లోపలి నుంచీ బయటి నుంచీ తెరవగల పెద్ద కంచు తాళం, బయటి కన్నంలోనే చెవి. తలుపు తోసి వసంతమల్లుడు, శతపత్ర లోపలికి అడుగుపెట్టారు.

అది సభామంటపమంత గది. గది నిండా మణిమయ నగరాలు! పిడికెడంత నగరం, బండి చక్రమంత నగరం. చతురస్రపు గోడల లోపల మరో చతురస్రం, దాని లోపల ఇంకొకటి, మెట్ల బావిలోకి తొంగిచూసినట్టు కిందికి దిగిపోయే సోపానాలు. ప్రతి మెట్టుకూ ఒక రంగు. వంగపువ్వు, చిలకపచ్చ, మేలిమి పసుపు, నిప్పుకణిక ఎరుపు. ఏ శిల్పి ఉలి ఇంత తిన్నని అంచులు తీయగలదు? కాగడా వెలుగు కదిలిన కొద్దీ రంగులన్నీ మెట్లు దిగుతూ ఎక్కుతూ పరుగులు తీస్తున్నాయి.

“ఎన్ని రాజ్యాల ఖజానాలు దోచాడు వీడు!” అన్నాడు యువరాజు.

“ఇవి మణులు కావు యువరాజా, లోహమే. కరిగిన ఇంద్రసీసాన్ని మెల్లగా చల్లారనిచ్చి, సగం గట్టిపడ్డాక మిగతాది ఒంపేస్తే ఈ మెట్లు వాటంతట అవే కట్టుకుంటాయి. గాలి తగిలి పైన సన్నని పొర పడుతుంది. రంగులు ఆ పొరవే.”

ఆమె మాట ఇంకా పూర్తి కాలేదు. వాళ్ళ తలల మీదుగా కాగడా గిర్రున తిరుగుతూ వచ్చి ఎదుటి గోడ దగ్గర పడింది. గోడ వెంట గుగ్గిలం బస్తాలు, పక్కన నూనె జాడీలు. ఒక్కసారిగా భగ్గుమంది మంట! వెనక తలుపు దభాలున మూసుకుంది. తాళం కిర్రుమన్న చప్పుడు.

“బాబూ!” బయటి నుంచి భద్రముఖుడి గొంతు. “కాగడాని ఎవరో లాగేసుకున్నారు! తలుపు దానంతట అదే మూసుకుంది! అయ్యో, ఇదంతా ఆ మంత్రగాడి మాయ! ఆ పిల్లని నమ్మకు బాబూ!”

వసంతమల్లుడు తలుపును భుజంతో ఢీకొన్నాడు. అది కొండలా నిలిచింది. పొగ కమ్ముకొస్తోంది. వెనక్కి తిరిగి శతపత్ర వైపు చూశాడు. ఆమె నూనె జాడీని మంట వైపు దొర్లిస్తోంది!

ఒక్క దూకులో వెళ్ళి ఆమె చెయ్యి మెలిపెట్టాడు. “ద్రోహీ! మంట పెంచుతావా?”

“పెంచాలి!” ఆమె దగ్గుతూ అరిచింది. “పైకి చూడండి!”

ఎత్తయిన పైకప్పులో బూడిదరంగు బిళ్ళలు వరసగా కనిపించాయి.

“అవి బిరడాలు. వాటి పైన ఊటనీళ్ళ తొట్టి ఉంది. ఇంద్రసీసంలో సీసం, తగరం కలిపి పోసినవి. ఆ మూడూ విడివిడిగా ఎంత మొండివో, కలిస్తే అంత మెత్తన. మరుగునీళ్ళ వేడికే జారిపోతాయి. గుగ్గిలం గదిలో నిప్పు పడితే ఆర్పడానికని మా తాతలు పెట్టినవి. కాని కప్పు ఎత్తు. మంట అక్కడికి ఎక్కేలోపు పొగ మనల్ని చంపేస్తుంది. మంటని పైకి లేపండి!”

“నువ్వు చెప్పేది అబద్ధమైతే?”

“అబద్ధమైతే నేనూ మీతోపాటే కాలతాను గదా!”

మూసలు ఎత్తే పొడుగాటి వెదురు గెడ ఒకటి గోడకు చేరవేసి ఉంది. దాని కొసకు తలపాగా చుట్టి నూనెలో ముంచి మంటకు అందించాడు. కొస భగభగమండింది. కళ్ళలో నీళ్ళు ధారలు కడుతుండగా, జుట్టు కమిలి వాసన వేస్తుండగా, గెడను రెండు చేతులా ఎత్తి బిళ్ళకు ఆనించి నిలబడ్డాడు. బిళ్ళ కదలలేదు. శతపత్ర వచ్చి గెడను కింద నుంచి పట్టుకుంది. ఇంకా కదలలేదు. ‘మోసపోయాను’ అనుకున్నాడు వసంతమల్లుడు.

అంతలో బిళ్ళ అంచున ఒక మెరిసే బొట్టు తయారై, వెన్నపూసలా జారి నేల మీద టప్పున పడింది. ఆ వెంటనే మరొకటి. మరుక్షణం ఏనుగు తొండమంత లావున నీళ్ళు దూకాయి! మంట బుసలు కొడుతూ కుంగింది. ఆవిరి వేడికి పక్క బిరడాలు కూడా కరిగి ఊడిపడ్డాయి. గదంతా జడివాన. చివరి సెగ చుయ్యిమని చచ్చేసరికి ఇద్దరూ మోకాలి లోతు నీళ్ళలో, గోడకు చేరగిలబడి రొప్పుతున్నారు.

గది మూల రాతిపలక ఒకటి పక్కకు జరిగింది. అందులోంచి సన్నగా పొడుగ్గా ఒక మనిషి వచ్చాడు. నెత్తి మీద జడలు, చేతిలో దీపం, పసుపు పూసినట్టున్న కళ్ళు.

“నా ఎండుసరుకంతా తగలబెట్టింది ఎవరర్రా?”

వసంతమల్లుడు పులిలా దూకి అతని గొంతు పట్టుకున్నాడు. “పింగళాక్షా! నా తండ్రికి విషం పెట్టి ఇక్కడ దాక్కున్నావా?”

మంత్రగాడు పెనుగులాడలేదు. గొంతు నొక్కుకుపోతున్నా యువరాజు మొహంలోకి తేరిపార చూశాడు. “అడవుల వెంట పడి ఇంత దూరం వచ్చావంటే... నువ్వు కాదన్నమాట.”

“ఏది నేను కాదు?”

“విషం పెట్టింది. రాజు పోతే సింహాసనం ఎక్కేది ఎవడయ్యా? నేను మొదట అనుమానించింది నిన్నే. అందుకే నీకు చెప్పకుండా పారిపోయాను.”

యువరాజు పట్టు సడలింది గాని కోపం సడలలేదు. నడుముకు కట్టిన గిన్నె తీసి అతని ఎదుట పెట్టాడు. “మాటలొద్దు. నీ పొడి దీంట్లో కలుపు. తాగు.”

పింగళాక్షుడు మొలలోని తిత్తి విప్పి తెల్లని పొడి గుప్పెడు అరచేతిలో పోసుకుని, నోట్లో వేసుకుని, నేల మీది నీళ్ళే దోసిలితో తాగేశాడు. “ఇదిగో, మీ నాన్నకిచ్చిన మందు. కడుపులో మంటను కప్పి పెడుతుంది. రేపటికి నా నాలుకా నల్లబడుతుంది, మందు మానేస్తే నాలుగు నాళ్ళకు తెల్లబడుతుంది. ఇంతోటి నలుపుకు నా తల కావలసి వచ్చింది మీకు. మీ అంతఃపురం ఆడవాళ్ళు ముత్యపు మెరుపుకని మొహాలకు రాసుకునేదీ ఇలాంటి పొడే. కాని ఆ గిన్నెతో మాత్రం గుక్కెడు మంచినీళ్ళు కూడా తాగను.”

“ఎందుకు? మా తాతలు తాగిన ఇంద్రసీసపు గిన్నె అది!”

“మీ తండ్రి నాలుక అందరూ చూశారు. చిగుళ్ళు ఎవరైనా చూశారా? వాటి వెంట నీలిగీత లేదూ?”

వసంతమల్లుడు ఉలిక్కిపడ్డాడు. ఉంది. మందు పోస్తున్నప్పుడు తను చూశాడు. పాత్ర ఎత్తబోతే తండ్రి మణికట్టు వాడిన తామరతూడులా వాలిపోవడమూ చూశాడు.

“అది నా పొడి చేసేది కాదు,” అన్నాడు పింగళాక్షుడు. “కొలిమి అమ్మాయీ, నువ్వే చూపించు. నేను చేస్తే కనికట్టంటాడు.”

శతపత్ర, గదిలో లోహం సాగగొట్టే రాతి దాగలి మీద తన మెడలోని బిళ్ళను పెట్టి బండరాతితో ఒక్కటి వేసింది. బిళ్ళ బెల్లపు గడ్డలా ముక్కచెక్కలైంది. విరిగిన చోట లేత గులాబీ ఛాయ మెరిసింది. “ఇంద్రసీసం వంగదు, పగులుతుంది. బరువులో సీసానికి తోబుట్టువు, గుణంలో పరాయిది. దాంట్లో ఎన్నేళ్ళు తాగినా ఒంటికి చెరుపు లేదు.” ఆ తరువాత గిన్నె అందుకుంది. యువరాజు అడ్డు చెప్పలేదు. రాయి పడింది. గిన్నె పగల్లేదు. మెత్తగా నొక్కుకుపోయి, పైన పూసిన వన్నె రాలి, లోపలి నీలిబూడిద రంగు బయటపడింది.

“సీసం!” అంది శతపత్ర. “చింతపండు పానకం పోసిన ప్రతిసారీ పులుపుకు ఇది కొంచెం కొంచెంగా కరుగుతుంది. తియ్యగానే ఉంటుంది. తాగినవాడికి తెలియదు.”

“గిన్నెలు మార్చారని నాకు అనుమానం వచ్చింది,” అన్నాడు పింగళాక్షుడు. “ఒకసారి చూస్తానని అడిగాను. ఆ సాయంత్రమే ఇద్దరు నా మెడకు తాడు బిగించబోయారు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ గిన్నెలు ఎవరి స్వాధీనంలో ఉంటాయి యువరాజా?”

భోజనశాల తాళాలు ఒక్కరి దగ్గరే ఉంటాయి. కాగడా పట్టుకున్నదీ ఆయనే. తలుపు బయట నిలబడ్డదీ ఆయనే. తను మందు మాన్పించిన రోజు శభాష్ బాబూ అని వీపు తట్టిందీ ఆయనే.

“మామా!” అని తలుపు గుద్దాడు. తాళపు కన్నంలోంచి తొంగిచూశాడు. తాళంచెవి లేదు. మనిషీ లేడు.

“వాడు ఇక్కణ్ణుంచి బయటపడితే సరాసరి హంసావతికే పోతాడు,” అన్నాడు పింగళాక్షుడు. “మనం చచ్చామని చెప్పి, మిగతా పని మెల్లగా కాకుండా ఒక్కరోజులోనే ముగిస్తాడు. నా గదికి మరో దారి లేదు. కాని ఈ తాళానికి నా దగ్గర మట్టి అచ్చు ఉంది.”

అతడు లోపలికి పరుగెత్తి ఆ అచ్చు, నిప్పుల కుంపటి, చిన్న మూసలో ఇంద్రసీసపు ముక్కలు తెచ్చాడు. కుంపటి సెగకే అవి పాదరసంలా కరిగాయి. అచ్చులో పోస్తూ శతపత్ర అంది. “తక్కినవన్నీ చల్లారితే ముడుచుకుంటాయి. ఇది గట్టిపడుతూ ఉబ్బుతుంది. అచ్చులో ఎంత సన్నని గాటు ఉన్నా నిండుకుంటుంది. తాళంచెవి అచ్చుగుద్దినట్టు వస్తుంది. కాని గుర్తుంచుకోండి, పెళుసు. ఒకేసారి తిరుగుతుంది. చెయ్యి వణికిందా, చెవి తాళంలోనే విరిగిపోతుంది. ఇంకది తెరుచుకోదు.”

వసంతమల్లుడు వెచ్చగా ఉన్న ఆ చెవిని తాళంలో దూర్చాడు. కళ్ళు మూసుకుని, పసిపాప చెయ్యి తిప్పినంత మెల్లగా తిప్పాడు. లోపల ఎక్కడో కీళ్ళు కదిలాయి. సగం తిరిగాక బిగుసుకుంది. చెమట బొట్టు అతని ముక్కు కొస నుంచి జారింది. ఇంకొంచెం... కటుక్కుమంది! చెవి పిడి అతని చేతిలోకి ఊడి వచ్చింది. ముగ్గురూ కొయ్యబారిపోయారు. తలుపు మాత్రం కిర్రుమంటూ ఇవతలికి జరిగింది.

సొరంగం, రాజవీధి, సింహద్వారం. వసంతమల్లుడు బాణంలా పరుగెత్తాడు. అతడు వంతెన చేరేసరికి భద్రముఖుడు అవతలి గట్టున రాతిస్తంభం దగ్గర వంగి తాళ్ళు కోస్తున్నాడు. అతని చేతిలో పచ్చగా మెరుస్తోంది బాకు.

“కంచుబాకు!” వెనక నుంచి శతపత్ర అరిచింది. “కంచును సూదంటురాయి లాగదు! ఈ గోడల సంగతి ఆయనకు ముందే తెలుసు యువరాజా!”

వసంతమల్లుడు ఆగలేదు. ఊగే పలకల మీద పరుగు తీశాడు. ఒక పక్క తాడు తెగి పాములా గాలిలో లేచింది. వంతెన ఒరిగింది. అతడు మిగిలిన తాడు పట్టుకుని ముందుకు పాకాడు. అవతలి గట్టు చేతికి అందుతుందనగా రెండో తాడూ తెగింది. వంతెన కాళ్ళ కింద నుంచి జారిపోతుంటే ఉన్న బలమంతా కూడదీసుకుని దూకాడు. స్తంభానికి మిగిలిన తాడు ముక్క ఎడమచేతికి చిక్కింది. కింద ఘర్ఘరానది నోరు తెరుచుకుని ఉంది.

భద్రముఖుడు గట్టు అంచున నిలబడి వంగి చూశాడు. ఆ మొహంలో పగ లేదు. అదే వసంతమల్లుణ్ణి మరింత భయపెట్టింది.

“నిన్ను చంపాలని లేదు బాబూ. నా చేతుల్లో పెరిగావు. ఒక్క మాటిస్తే చెయ్యి అందిస్తాను. వెనక్కి రాకు. ఎటైనా వెళ్ళిపో.”

“నాన్నకి విషం పెట్టి... ఇన్నేళ్ళు ఆయన ఉప్పు తిని...”

“నాన్నా?” భద్రముఖుడు మెల్లగా నవ్వాడు. “ఆ మంచం మీద ఉన్నది నీ నాన్నేనని నీకెవరు చెప్పారు? వేట నుంచి తిరిగొచ్చినప్పటి నుంచీ ఆ గొంతు మారలేదూ? నీ చిన్నప్పటి ముద్దుపేరు అడిగితే చెప్పగలిగాడా? నేను పానకం పోస్తున్నది ఎవడికో తెలిస్తే, నువ్వే వచ్చి నా పాదాలకు మొక్కుతావు.”

తాడు అరచేతిని కోస్తోంది. వసంతమల్లుడికి ఒక్కసారిగా ఎన్నో గుర్తొచ్చాయి. నొప్పి వంకతో ఎప్పుడూ దించే ఉంచిన పడక తెరలు. తనను చూసి తప్పుకున్న చూపు. గొంతులో జీర. నిజమేనా? ఈయన చెప్పిన ఎన్ని మాటలు తను నమ్మలేదు గనుక! నమ్మి ఎవరెవరిని అనుమానించలేదు గనుక!

అతడు తల ఎత్తాడు.

“ఎవరైతేనేం మామా. తాగుతున్నది విషం. తాగుతున్నవాడు మనిషి.”

కుడిచేతిని మొలతాడు మీదకు పోనిచ్చి, మారువేషం కోసం అక్కడ దాచుకున్న రాజముద్రికను తెంపాడు. ఒళ్ళంతా విల్లులా వంచి లోయ మీదుగా విసిరాడు.

“శతపత్రా! హంసావతికి వెళ్ళు! రెండో గిన్నెని నీ చేత్తో పగలగొట్టు! ఎవరడ్డొచ్చినా ఇది చూపించు!”

ఉంగరం ఎండలో ఒక్క మెరుపు మెరిసి కోట వైపు గట్టున పడింది. శతపత్ర మోకాళ్ళ మీద జారి దాన్ని అంచు దగ్గర ఒడిసిపట్టుకుంది.

“కొలిమిపిల్ల చేతిలో రాజముద్రికా!” భద్రముఖుడు మొదటిసారి కోపంతో కేక పెట్టాడు. కంచుబాకు ఎత్తి తాడు ముక్క మీద దింపాడు. ఆ క్షణంలోనే వసంతమల్లుడి కుడిచెయ్యి రివ్వున పైకి లేచి అతని చీలమండను పెనవేసుకుంది. తాడు తెగింది. భారీ మనిషి గాలిని పట్టుకోబోయినట్టు రెండు చేతులూ చాచి గట్టు మీద నుంచి జారాడు. ఇద్దరూ ఒకరినొకరు వదలకుండా ఆ తెల్లని నురగలోకి పడిపోయారు.

శతపత్ర అంచున నిలబడి కిందికి చూసింది. నది హోరులో ఏ కేకా వినిపించలేదు. నీటి మీద ఏ తలా తేలలేదు. పక్కన పింగళాక్షుడు రొప్పుతూ చెయ్యి చాచాడు.

“అమ్మాయీ, ఆ ముద్రిక ఇలా ఇయ్యి. కోటలో నా మాటకున్న విలువ నీకుండదు.”

ఆమె ఆ పసుపు కళ్ళలోకి ఒక్కక్షణం చూసింది. ఉంగరాన్ని కొంగున ముడివేసి, ముడిని పళ్ళతో బిగించింది. వెనుదిరిగి, కోట వెనక మేకలు దిగే నిట్టనిలువు దారి వైపు పరుగు తీసింది.